ఫిజిక్స్ కోసం మ్యాథ్స్ కోర్సులు: వెనక నుంచి ప్లాన్ చేసుకోండి

ఫిజిక్స్ మెయిన్‌గా తీసుకునేవాళ్లు ముందు ఏ సెమిస్టర్‌లో ఏ ఫిజిక్స్ పేపర్ వస్తుందో చూసుకోండి. దానికి కావలసిన గణితం కనీసం ఒక సెమిస్టర్ ముందే పూర్తయ్యేలా పెట్టుకోండి. కాలిక్యులస్ మొదట, అందులో చర్చే లేదు. విద్యుదయస్కాంతత్వం మొదలయ్యేలోపు వెక్టర్ కాలిక్యులస్ అయిపోవాలి. డైవర్జెన్స్ (క్షేత్రం ఒక బిందువు నుంచి ఎంత బయటికి పారుతుందో), కర్ల్ (అక్కడ ఎంత సుడి తిరుగుతుందో) తెలియకపోతే, విద్యుత్, అయస్కాంత క్షేత్రాల మూల నియమాలైన మాక్స్‌వెల్ సమీకరణాలు వట్టి గుర్తుల్లాగే కనిపిస్తాయి. డోలనాల పాఠం వచ్చేసరికి అవకలన సమీకరణాలు వచ్చి ఉండాలి.

చాలామంది వాయిదా వేసేది లీనియర్ ఆల్జీబ్రా, అంటే వెక్టర్లు, మాత్రికల గణితం. నన్నడిగితే దాన్ని రెండో ఏడాదిలోపే ముగించాలి. క్వాంటమ్ మెకానిక్స్ అంతా వెక్టర్ స్పేస్‌లు, ఆపరేటర్లు (ఒక వెక్టర్‌ను మరో వెక్టర్‌గా మార్చేవి), ఐగెన్ విలువల (ఆపరేటర్ కొన్ని ప్రత్యేక వెక్టర్లను ఎన్ని రెట్లు చేస్తుందో చెప్పే సంఖ్యల) మీదే నడుస్తుంది. అంతదాకా ఎందుకు, స్ప్రింగులతో కలిపిన రెండు బరువులు ఎలా ఊగుతాయో లెక్కగట్టాలన్నా ఐగెన్ విలువలే కావాలి.

పాక్షిక అవకలన సమీకరణాలు కొంతవరకు ఫిజిక్స్ క్లాసులోనే నేర్పేస్తారు కాబట్టి టెన్షన్ అక్కర్లేదు. కాంప్లెక్స్ ఎనాలిసిస్ తర్వాత చూసుకోవచ్చు. నిరూపణలతో నిండిన రియల్ ఎనాలిసిస్ మాత్రం, థియరీ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు తప్ప, ఇష్టముంటేనే.