కడప బండ సాంద్రత వంటింట్లోనే కొలవడం ఎలా?

కడపలో ఇల్లు కట్టే చోట నల్ల బండ ముక్కలకు కొదవలేదు. అడిగి ఒకటి తెచ్చుకోండి. ల్యాబ్ అక్కర్లేదు. వంటింటి డిజిటల్ కాటా, వెడల్పాటి గ్లాసు, దారం, నిమ్మకాయ ఉంటే చాలు.

ముక్క మరీ చిన్నది కాకూడదు. ఇళ్లలో వాడే కాటా సాధారణంగా 1 గ్రాము కన్నా చిన్న తేడాను చూపదు. దాని కనీసపు కొలత అంతే. 10 గ్రాముల రాయి తూస్తే ఆ ఒక్క గ్రాము పదో వంతు తప్పవుతుంది. అదే 130, 140 గ్రాముల రాయి అయితే నూటికి ఒకటి కూడా ఉండదు.

మొదట రాయిని కడిగి, బాగా ఆరనిచ్చి తూయండి. పెట్టేముందు కాటా సున్నా చూపుతోందా? పిల్లలు తరచూ మరిచిపోయేది ఇదే. ఫ్యాన్ కూడా ఆపండి. నా ముక్క 137 గ్రాములు తూగింది.

తర్వాత గ్లాసులో సగానికి పైగా నీళ్లు పోసి కాటా మీద పెట్టి, సున్నా బటన్ నొక్కండి. రాయికి దారం కట్టి, చేత్తో వేలాడదీస్తూ నీళ్లలో పూర్తిగా ముంచండి. అడుగుకు గానీ అంచుకు గానీ తగలనివ్వొద్దు, తగిలితే లెక్క చెడుతుంది. రాయికి అంటుకున్న గాలి బుడగలుంటే కాస్త కదిలించి పోగొట్టండి. నాకు కాటా 51 చూపింది.

రాయి బరువు మన చేతిలోనే ఉంది కదా, మరి ఈ 51 ఎక్కడిది? నీళ్లు రాయిని పైకి నెడతాయి, రాయి నీళ్లను అంతే బలంతో కిందికి నెడుతుంది. ఆ బలం రాయి పక్కకు జరిపిన నీళ్ల బరువుతో సమానం. 51 గ్రాముల నీళ్లంటే 51 మిల్లీలీటర్లు, అదే రాయి ఘనపరిమాణం. మన ఎండలకు నీళ్లు వేడెక్కి కాస్త పలచబడతాయి గానీ, 40 డిగ్రీల దగ్గర కూడా తేడా ఒక శాతం లోపే. ఈ కాటాకు అది అందదు.

సాంద్రత అంటే బరువును ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చేది, కాబట్టి ఇక 137ను 51తో భాగించండి. కాలిక్యులేటర్ 2.6862745 అంటుంది. ఇంటర్‌లో నేను ఇలాంటి అంకెలన్నీ రికార్డులో ఎక్కిస్తే, మా లెక్చరర్ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి "నీ కాటాకు ఇంత తెలుసా?" అన్నారు. నిజమే, 51 బదులు 50 ఉంటే 2.74, 52 ఉంటే 2.63 వస్తుంది. రెండో అంకె దగ్గరే అనుమానం ఉన్నప్పుడు ఏడో అంకె దేనికి? ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు అని రాసి ఆపేయండి. కడప బండ ఒక రకం సున్నపురాయి, సున్నపురాయి సాంద్రత దాదాపు ఇంతే.

సున్నపురాయే అని తేల్చుకోవాలంటే మేకుతో గీకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండండి. సన్నగా బుసబుసమంటుంది. ఆమ్లం తగిలి కాల్షియం కార్బోనేట్ నుంచి కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తోందన్నమాట. వంటగట్టు మీద మాత్రం చేయకండి. పాలిష్ పోయి మచ్చ పడితే ఇంట్లో తిట్లు తప్పవు.

మంగంపేట ముగ్గురాయి దొరికితే దాన్నీ ఇలాగే తూయండి. అది బేరియం సల్ఫేట్, మంచి రాయి సాంద్రత 4 దాటుతుంది. ఆ బరువు కోసమే దాని పొడిని చమురు బావుల తవ్వకంలో వాడతారు. నిమ్మరసం ఎంత పిండినా అది ఉలకదు, పలకదు.