డాష్‌క్యామ్ వైరింగ్: ముందు ఎర్త్ బోల్టు చూడండి

డాష్‌క్యామ్‌ని, అంటే కారులోంచి రోడ్డుని రికార్డు చేసే కెమెరాని, వైరింగ్ కిట్‌తో ఫ్యూజ్ బాక్స్ నుంచి కలుపుకునే విశాఖవాసులకు ఒక మాట. నల్ల వైరు, అంటే ఎర్త్, బిగించే బోల్టుని ముందు బాగా చూడండి. మా ఇల్లు బీచ్ రోడ్డు దగ్గరే. ఉప్పుగాలికి మా కారులో ఆ బోల్టు కింద సన్నగా తుప్పు పట్టింది. గతుకు తగిలినప్పుడల్లా కెమెరా ఆగి, మళ్లీ ఆన్ అయ్యేది. వారం రోజులు కెమెరాదే తప్పనుకున్నాను. బోల్టు విప్పి, ఇనుము తళతళలాడేదాకా శాండ్ పేపర్‌తో రుద్ది బిగించాక మళ్లీ ఆ టెన్షన్ లేదు.

సాధారణంగా కిట్‌లోని పసుపు వైరు ఎప్పుడూ కరెంటుండే ఫ్యూజుకి, ఎర్రది తాళం తిప్పితేనే కరెంటొచ్చే ఫ్యూజుకి. కొన్ని కిట్లలో రంగులు మారతాయి కాబట్టి టెస్టర్ పెట్టి చూశాకే కలపండి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (బ్రేకుల) ఫ్యూజుల జోలికి అసలు వెళ్లొద్దు. ముందు అద్దం పక్క స్తంభంలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే వైరు దాని వెనక నుంచే పోవాలి. ముందు నుంచి లాగితే అది విచ్చుకునేటప్పుడు అడ్డుపడుతుంది.

పార్కింగ్ మోడ్ (బండి ఆపాక కూడా కెమెరా పనిచేయడం) వాడేవాళ్లు, కిట్‌లో ఆ సదుపాయం ఉంటే, కటాఫ్, అంటే బ్యాటరీ ఎంతకు పడితే కెమెరా ఆగిపోవాలో ఆ హద్దు, 12.2 వోల్టులకి పెట్టుకోండి. 11.8 దాకా వదిలేస్తే పాత బ్యాటరీతో పొద్దున్నే బండి స్టార్ట్ కాకపోవచ్చు.