పెద్దలకు సేవ నేర్చుకుందాం - 6వ పాఠం: మళ్లీ స్నానమే

పోయిన పాఠంలో "బట్టలు తీసి స్టూల్ మీద కూర్చోబెట్టండి" అని ఒక్క ముక్కలో రాసి వదిలేశాను. అది నా పొరపాటు. కొందరు మంచం దగ్గరే అన్నీ విప్పేసి, ఒక తువ్వాలు చుట్టి, నలుగురూ కూర్చున్న వరండాలోంచి నడిపించుకెళ్లారట. ఒక పెద్దావిడ కేకలు పెట్టి చెయ్యి కొరికిందని, ఇప్పుడు స్నానం అంటేనే మంచం పట్టె వదలడం లేదని రాశారు. అందుకని ఈసారి చెప్తానన్న మంచం మీద స్పాంజ్ బాత్ పక్కన పెట్టి, ముందు దీన్ని సరిచేద్దాం.

ఆవిడది మొండితనం కాదు, సిగ్గు. బట్టలు బాత్‌రూమ్‌లోనే, తలుపు మూశాకే తియ్యాలి (గడియ మాత్రం వెయ్యొద్దు). భుజాల మీద ఒక పెద్ద తువ్వాలు, ఒళ్లో ఇంకొకటి కప్పండి, తడిస్తే తడవనీండి, వాటి మీదుగానే నీళ్లు పోయొచ్చు. రుద్దే చోట మాత్రం కాస్త తొలగించి, కడిగి, మళ్లీ కప్పెయ్యండి. మొదటి మగ్గు పాదాల మీద, అదీ "పోస్తున్నానమ్మా" అని చెప్పి. లోపలి భాగాలకి సబ్బు గుడ్డ ఆవిడ చేతికే ఇచ్చి, "మీరు కడుక్కోండి పెద్దమ్మా, నేను అటు చూస్తుంటా" అనండి, మీ చెయ్యి మాత్రం ఆవిడ భుజం మీదే ఉండాలి.

"నిన్ననే చేశాను" అంటే వాదించొద్దు. మా దగ్గర ఒక మాస్టారు మూడు రోజులు ససేమిరా అన్నారు. నాలుగో రోజు ఇస్త్రీ పంచె ఆయనకి కనబడేలా కుర్చీ మీద పెట్టి, "నీళ్లు తోడాను మాస్టారూ, చల్లారిపోతాయి" అన్నాను. పంచె అంచు రెండుసార్లు వేళ్లతో తడిమి చూసుకుని, తనే లేచారు.

పక్షవాతం వచ్చినవాళ్లకి చొక్కా విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు, తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు. బకెట్లో చన్నీళ్లు ముందు, వేడినీళ్లు తర్వాత, మోచేత్తో చూడండి. షుగర్ ఉన్నవాళ్లకి పాదాలు మొద్దుబారి ఉంటే కాలినా తెలియదు.

ఇక నూనె. దీని గురించి ఎన్నిసార్లు చెప్పినా ఆదివారం వచ్చేసరికి ఎవరో ఒకరు ఒళ్లంతా పట్టించి, ఆ అరికాళ్లతోనే టైల్స్ మీద నడిపిస్తారు. కొడుకో కూతురో వచ్చి "అమ్మకి నూనె రాయండి" అంటే కాదనలేకపోతున్నాం అంటారు. రాయండి, వద్దనను, నువ్వుల నూనె అంటే వాళ్లకి ప్రాణం. కానీ తలకి, చేతులకి, మోకాళ్ల దాకా, అంతే. పాదాలకి వద్దు. అరచేతులకి కూడా వద్దు, పట్టుకునే కడ్డీ జారిపోతుంది. మీ చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఆవిడని లేపండి. స్నానం అయ్యాక నేల మీద ఉత్త నీళ్లు కొట్టి వదిలేస్తే నూనె పోదు, సర్ఫ్ వేసి బ్రష్‌తో రుద్దండి, లేకపోతే ఆ తర్వాత వచ్చే తాతయ్య జారతాడు. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మళ్లీ లేచి నడవడం ఎంత కష్టమో మీరు చూసే ఉంటారు. నేనైతే నూనె రోజు మా బాత్‌రూమ్‌లోకి ఇంకెవరినీ పంపను.

తుడిచేటప్పుడు అద్దండి, రుద్దొద్దు. కాలివేళ్ల సందులు మర్చిపోవద్దు.

సాధన: వచ్చే పాఠంలోపు మీరే బట్టలతో ఆ స్టూల్ మీద కళ్లు మూసుకుని కూర్చుని, తోటివాళ్లతో స్నానం చేయించుకోండి. ఒకసారి వాళ్లు ఏమీ చెప్పకుండా నీళ్లు పొయ్యాలి, రెండోసారి ప్రతిదీ చెప్పి పొయ్యాలి. మొదటిసారి మీ చేతులు దేన్ని పట్టుకున్నాయో నాకు రాయండి.