వ్యవసాయ మార్కెటింగ్ కొలువుకు సొంత చదువు – 4వ పాఠం: బాక్సు రేటు నుంచి పరిచయం దాకా

మూడో పాఠం చివర ఒక పంటను ఎంచుకోమన్నాం. బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్లకు టమాటా అయితే మేలు. ఏడాది పొడవునా వస్తుంది, రోజూ రేటు మారుతుంది, పైగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలోనే కోలారు మార్కెట్టు ఉంది. చింతామణి, ముళబాగిలు, మదనపల్లె వైపు నుంచి వచ్చే రైతులతో, లారీ డ్రైవర్లతో తెలుగులోనే మాట్లాడవచ్చు. ఉల్లి, బంగాళదుంప తీసుకున్నవాళ్లు కూడా ఈ పాఠం చదవండి. పద్ధతి ఒకటే, మార్కెట్టు మాత్రం బెంగళూరులోని యశవంతపుర యార్డు.

ఈ పాఠంలో పని రెండు భాగాలు. ముందు 14 రోజుల ధరల పట్టిక తయారుచేయాలి. తరవాత ఆ పట్టిక పట్టుకుని ముగ్గురిని పరిచయం చేసుకోవాలి. వరస మార్చకండి. ఉత్త చేతులతో మండీకి (మార్కెట్లో కమిషన్ దుకాణానికి) వెళ్లి "ఏదైనా ఉద్యోగం ఉంటే చెప్పండన్నా" అని అడిగేవాళ్లు అక్కడ రోజూ కనిపిస్తారు, వాళ్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు. నాలుగు చోట్ల రేట్లు సరిగ్గా రాసుకున్న మనిషి దగ్గర మాత్రం అవతలివాళ్లకు కావలసింది ఒకటి ఉంటుంది.

నాలుగు ధరలు

ఒకే రోజున నాలుగు చోట్ల ధర రాయాలి. ఒకటి, కోలారు వేలంలో బాక్సు రేటు. రెండు, మార్కెట్ ధరలు చూపించే ప్రభుత్వ వెబ్‌సైటు ఆగ్‌మార్క్‌నెట్‌లో అదే మార్కెట్టుకు కనిపించే కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలు. మూడు, బెంగళూరు కలాసిపాళ్యం కూరగాయల మార్కెట్లో టోకు రేటు. నాలుగు, మీ వీధిలో చిల్లర రేటు. దీనికి హాప్‌కామ్స్ (ఉద్యాన రైతుల సహకార సంఘం) దుకాణంలో ధరల బోర్డు ఒకటి, తోపుడు బండి ఒకటి చూడండి. రోజూ కోలారు వెళ్లడం కుదరదు. రెండు వారాల్లో రెండుసార్లు వెళ్లి, మిగతా రోజులకు అక్కడ పరిచయమైన గుమస్తాను ఫోన్లో అడిగితే చాలు.

పట్టికలో గడులు: తేదీ, చోటు, రకం, కాయ దశ, కొలత, చెప్పిన రేటు, కిలో రేటు, సరుకు రాక ఎక్కువా తక్కువా, ఎవరు చెప్పారు. చివరి గడి చాలామంది వదిలేస్తారు. పది రోజుల తరవాత ఒక అంకె మీద అనుమానం వస్తే ఎవరిని అడగాలో తెలియక ఆ రోజు వరస మొత్తం కొట్టేయాల్సి వస్తుంది.

కొలత దగ్గరే మొదటి తప్పు జరుగుతుంది. కోలారులో బాక్సు అంటే 15 కిలోలు, ఆగ్‌మార్క్‌నెట్ క్వింటాలు లెక్క చెబుతుంది, బండివాడు కిలో లెక్క. బాక్సు 300 రూపాయలైతే కిలో 20, క్వింటాలు 2,000. అన్నీ కిలోకు మార్చిన తరవాతే పోల్చండి. 15 కిలోలన్నది కూడా మాట వరసే. కుప్పగా నింపిన బాక్సులో ఇంకాస్త ఎక్కువ ఉంటుంది, రవాణాలో కుదురుకున్న బాక్సులో తక్కువ. వీలైతే నాలుగు బాక్సులు తూకం వేయించి సగటు రాసుకోండి. బాక్సులో 14 కిలోలే ఉంటే 300 రూపాయల రేటుకు కిలో 21.43 పడుతుంది, అంటే 7 శాతం తేడా. చాలా వ్యాపారాల్లో మొత్తం లాభమే అంత ఉండదు.

రెండో తప్పు మోడల్ ధర దగ్గర. మోడల్ ధర అంటే సగటు కాదు, ఆ రోజు ఎక్కువ సరుకు ఏ రేటుకు అమ్ముడుపోయిందో ఆ రేటు. వంద బాక్సుల్లో 10 బాక్సులు 150కి, 70 బాక్సులు 300కి, 20 బాక్సులు 420కి పోయాయనుకోండి. కనిష్ఠం 150, గరిష్ఠం 420, రెండూ కలిపి సగం చేస్తే 285. మోడల్ 300. బాక్సులను బట్టి అసలు సగటు తీస్తే 309. మూడూ మూడు అంకెలు! ఇంటర్వ్యూలో "సగటు ఎంత?" అని అడిగితే 285 చెప్పే అభ్యర్థులే ఎక్కువ. ఏ అంకె చెబుతున్నా అది మోడలో సగటో కలిపి చెప్పండి.

వెబ్‌సైట్లో ఒక రోజు ధర కనిపించకపోతే గడి ఖాళీగా వదలండి. నిన్నటి రేటు తెచ్చి అతికించకూడదు. ఖాళీ గడి మీ పట్టికకు మచ్చ కాదు, అతికించిన అంకె మచ్చ.

మూడో తప్పు రకం కలపడం. దూరప్రాంతాలకు లారీలు ఎక్కించేవాళ్లు గట్టిగా, దోరగా ఉన్న కాయ అడుగుతారు. ఊళ్లో హోటళ్లకు, బండ్లకు ఎర్రగా పండిన కాయ కావాలి. అదే వేలంలో ఈ రెంటికీ రేటు వేరు. కోలారులో దోరకాయ రేటు రాసుకుని కలాసిపాళ్యంలో పండుకాయ రేటుతో పోలిస్తే, లేని లాభం కాగితం మీద కనిపిస్తుంది. మీ పట్టిక మొత్తానికి ఒకే రకం, ఒకే దశ పట్టుకోండి.

పట్టీ చదవడం

వేలం అయ్యాక రైతు చేతికి వచ్చే లెక్క కాగితమే పట్టీ. ఒక్క పట్టీ సరిగ్గా చదవడం వస్తే మార్కెటింగ్ సగం అర్థమైనట్టే. అందులో బాక్సుల సంఖ్య, రేటు, మొత్తం, ఆపైన తీసివేతలు ఉంటాయి. తీసివేతలు రెండు జాతులు: శాతం లెక్కన పోయేవి, బాక్సుకు ఇంత అని పోయేవి. కమిషన్ మొదటి జాతి. లారీ కిరాయి, దింపుడు కూలి, ఖాళీ బాక్సు అద్దె రెండో జాతి. ఇవి కాక తరుగు పేరుతో బాక్సులో గానీ తూకంలో గానీ తగ్గించేది ఉంటే అది డబ్బు గడిలో కనిపించదు, సంఖ్య గడిలో దాక్కుంటుంది. రైతు తెచ్చినవి ఎన్ని, పట్టీలో పడినవి ఎన్ని అని విడిగా అడిగి రాయండి. ఏ ఖర్చు చట్టప్రకారం ఎవరు భరించాలి, ఆ రోజు ఎవరి ఖాతాలో పడింది అనేది కూడా రెండు గడులుగా రాయండి. వాదనకు దిగకండి, రాసుకోండి చాలు.

రెండో జాతి ఖర్చులను ఎందుకు వేరు చేయాలో ఈ లెక్క చెబుతుంది. అభ్యాసం కోసం బాక్సుకు 25 రూపాయల స్థిర ఖర్చు అనుకుందాం. రేటు 300 ఉన్నప్పుడు ఆ పాతిక 8.3 శాతం. 2023 జులైలో కోలారులో బాక్సు 2,000 దాటింది, అప్పుడు అదే పాతిక ఒకటిం పావు శాతం. రేటు 75కి పడిపోయిన రోజున మూడో వంతు! కిరాయి లీటరు డీజిల్ చూస్తుంది గానీ టమాటా రేటు చూడదు. ధర పడినప్పుడు రైతు చేతికి వచ్చే డబ్బు ధర కంటే వేగంగా పడేది ఇందుకే. కోత కూలి కూడా తిరిగి రాదని తేలిన రోజున కాయను రోడ్డు పక్కన పోసి వెళ్లడం వెనక ఉన్నది కోపం ఒక్కటే కాదు, ఈ భాగహారం.

వినియోగదారుడి రూపాయిలో రైతు వాటా తీయడం తేలిక. బాక్సు 300, తీసివేతలు 25, చేతికి 275, కిలోకు 18.33. చిల్లర ధర 32 అయితే 18.33ను 32తో భాగించి వందతో హెచ్చించండి: 57 శాతం. దీనికీ పట్టికలో ఒక గడి చేర్చి రోజూ నింపండి.

నష్టాన్ని కలపకూడదు, భాగించాలి

కొనుగోలు విభాగంలో చేరినవాళ్లు మొదటి నెలలో ఎక్కువగా తడబడేది ఇక్కడే. కాబట్టి నెమ్మదిగా చేయండి.

కాయ కిలో 20, కూలీ కిరాయి బాక్సు కలిపి 2.50, మొత్తం 22.50. దారిలో 8 శాతం పోతుంది. చాలామంది 22.50కి 8 శాతం కలిపి 24.30 అంటారు. తప్పు. వంద కిలోలకు 2,250 పెట్టాం, అమ్మడానికి మిగిలింది 92 కిలోలు. 2,250ని 92తో భాగిస్తే 24.46. కిలోకు 16 పైసలే కదా అనిపిస్తుంది. రోజుకు 6 టన్నులు అమ్మే చోట అది సుమారు 940 రూపాయలు. వానల్లో నష్టం 20 శాతానికి చేరితే తప్పు లెక్క 27 చూపిస్తుంది, నిజం 28.13. అప్పుడు కిలోకు రూపాయి పైనే చేతి నుంచి పోతుంది.

ఇంకో మెట్టు ఉంది. పాడైన కాయ వేరు, రెండో రకంగా దిగిన కాయ వేరు. వంద కిలోల్లో 5 కిలోలు పారబోశాం, 10 కిలోలు నలిగి హోటళ్లకు కిలో 10 చొప్పున పోయాయి అనుకోండి. 2,250లో ఆ వంద రూపాయలు తీసేస్తే 2,150. అది మిగిలిన 85 కిలోల మీద రాబట్టాలి: కిలో 25.29. పారబోసిన 5 కిలోలే లెక్కేస్తే 23.68 వస్తుంది. నలిగిన కాయను మరిచిపోయినందుకు కిలోకు 1.61 తేడా. అందుకే దింపుడు దగ్గర రెండు బుట్టలు పెట్టించి, రెండూ వేరువేరుగా తూకం వేయించాలి. ఒకే బుట్టలో వేస్తే ఆ పూటకు ఈ లెక్క ఇక దొరకదు.

నష్టం ఎందుకు వచ్చిందో పక్కన ఒక మాట రాయండి: వానలో కోత, మరీ పండిన కాయ, ఎత్తుగా పేర్చిన బాక్సులు, ఎండలో ఆగిన లారీ. రెండు వారాల్లో కారణాలు మళ్లీ మళ్లీ అవే కనిపిస్తాయి. అప్పుడు మీరు రేటు గురించే కాదు, నష్టం ఎక్కడ ఆపవచ్చో కూడా మాట్లాడగలుగుతారు. కొనుగోలు మేనేజర్లకు కావలసింది ఆ మాటే.

ఎవరిని కలవాలి, ఎప్పుడు

మండీ యజమాని దగ్గరికి నేరుగా వెళ్లకండి. వేలం వేళ ఆయనకు మీతో మాట్లాడే తీరిక ఉండదు, ఉంటే ఆ రోజు వ్యాపారం లేదని అర్థం. ముందు గుమస్తా. లెక్కలన్నీ రాసేది ఆయనే. తరవాత లారీ బుకింగ్ చూసే మనిషి, ఏ ఊరికి ఎన్ని లోడ్లు వెళ్లాయో ఆయనకు తెలుసు. మూడో వ్యక్తి రైతు ఉత్పత్తిదారుల సంస్థలో సీఈఓ గానీ, సూపర్‌మార్కెట్లకు కాయ కొనే సేకరణ కేంద్రంలో నాణ్యత చూసే ఉద్యోగి గానీ. ఈ ముగ్గురూ చాలు. ముప్పై విజిటింగ్ కార్డులు పోగుచేసి డ్రాయరులో పెట్టడం పరిచయం కాదు.

వేలం ముగిసి టీ తాగే వేళకు వెళ్లండి. అన్నా అని పలకరించండి, పెద్దవయసు రైతు అయితే పెద్దాయనా అనండి, ఆఫీసు మనిషి అయితే పేరు చివర గారు చేర్చండి. కలాసిపాళ్యంలో కన్నడం, తమిళం, తెలుగు కలిసిపోయి ఉంటాయి. ధర అడగడానికి, అంకెలు చెప్పడానికి సరిపడా కన్నడం మాత్రం నేర్చుకోండి. నూరు, ఇన్నూరు, మున్నూరు తెలియకుండా వేలం పక్కన నిలబడి లాభం లేదు. మొదటిసారి మూడే ప్రశ్నలు: ఈ రోజు సరుకు నిన్నటి కంటే ఎక్కువా, ఏ రకానికి గిరాకీ, ఎందుకు? మీకెంత మిగులుతుంది, మీ పార్టీలు ఎవరు అని అడగకూడదు. అడగకుండా పట్టీకి గానీ సరుకుకు గానీ ఫోటో తీయకూడదు. ఆ ఒక్క ఫోటోతో తలుపు మూసుకుంటుంది.

రెండు రోజుల్లో ఒక సందేశం పంపండి. ఇలా:

"అన్నా, నమస్తే. మంగళవారం మీ మండీ దగ్గర టమాటా రేట్లు రాసుకున్నది నేనే. ఆ రోజు దోరకాయ బాక్సు 300 అన్నారు. మరుసటి పొద్దున కలాసిపాళ్యంలో అదే రకం కిలో 25కి పోయింది. మీకు పనికొస్తుందని పంపుతున్నాను."

ఉద్యోగం మాట అందులో లేదు, రెజ్యూమె లేదు. వారానికి ఒకసారి, నాలుగు వారాలు ఇలాగే పంపండి. నాలుగో వారానికి ఆయనే ఏదో అడుగుతారు. మీకు తెలియకపోతే తెలియదనండి, కనుక్కుని చెప్పండి. ఒకరు నమ్మి చెప్పిన రేటును వాళ్ల పేరుతో సహా ఇంకొకరికి చేరవేస్తే మాత్రం కోలారు నుంచి బెంగళూరు దాకా మాట పాకుతుంది. మార్కెట్టు చాలా చిన్న ఊరు.

శిక్షణ సంగతి

ఇది క్లుప్తంగా, ఎందుకంటే ప్రవేశాల వివరాలు ఏటా మారతాయి, ఆయా సంస్థల ప్రకటనల్లోనే చూడాలి. డిగ్రీ తరవాత రెండేళ్లు వెచ్చించగలిగితే హైదరాబాదులో మేనేజ్ (జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ), జైపూర్‌లో నియామ్ (జాతీయ వ్యవసాయ మార్కెటింగ్ సంస్థ), బెంగళూరులోనే ఐఐపీఎం (ప్లాంటేషన్ మేనేజ్‌మెంట్ సంస్థ) ఉన్నాయి. మూడింట్లోనూ అగ్రి బిజినెస్ పీజీ డిప్లొమా ఉంది. బెంగళూరు జీకేవీకే ఆవరణలోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో కూడా ఈ కోర్సులున్నాయి. వ్యవసాయ పట్టభద్రులు సొంతంగా ఏదైనా పెట్టాలనుకుంటే 2002 నుంచి నడుస్తున్న అగ్రి క్లినిక్స్ పథకం కింద 45 రోజుల ఉచిత శిక్షణ ఉంది. ఎరువులు, పురుగుమందుల దుకాణం నడిపేవాళ్లకు దేశీ (DAESI) అనే డిప్లొమా ఉంది: 48 వారాలు, వారానికో రోజు, 40 తరగతులు, 8 క్షేత్ర సందర్శనలు. దుకాణం మూయకుండా చదవవచ్చు.

జీకేవీకే కృషి మేళా సాధారణంగా నవంబరులో జరుగుతుంది. జనం ఎక్కువగా ఉండే సెలవు రోజున కాకుండా మొదటి రోజు ఉదయమే వెళ్లండి. అన్ని స్టాళ్లూ తిరగకండి. మీ పంటకు సంబంధించిన ఐదు స్టాళ్లు ఎంచుకుని, ఒక్కోచోట మీ పట్టికలోంచి ఒక ప్రశ్న అడగండి. "మీ రకం కాయకు దారి నష్టం ఎంత శాతం వస్తోంది?" అని అడిగితే అమ్మకాల కుర్రవాడు లోపలున్న సీనియర్‌ను పిలుస్తాడు. మీకు కావలసిన పరిచయం ఆ సీనియర్‌తోనే.

రెజ్యూమెలో "మార్కెటింగ్ పట్ల ఆసక్తి" అన్న వాక్యం తీసేసి, "కోలారు, కలాసిపాళ్యం మార్కెట్లలో 14 రోజులు టమాటా దోరకాయ ధరలు నమోదు చేశాను. రైతు వాటా, దారి నష్టం లెక్కలు జతచేశాను" అని రాయండి. నమోదు చేసిన రోజుల సంఖ్య నిజంగా ఎంతో అంతే రాయాలి. పదకొండు రోజులే అయితే పదకొండు.

ఇంటి పని

బాక్సు 240 (15 కిలోలు), ఇతర ఖర్చులు కిలోకు 3, వంద కిలోల్లో 6 కిలోలు పారబోత, 12 కిలోలు రెండో రకంగా కిలో 8కి అమ్మకం. మంచి కాయ కిలో ఎంత పడింది? సరిగ్గా 22 రావాలి. 20.21 వస్తే నలిగిన కాయను మరిచారు, 20.14 వస్తే పైగా భాగించాల్సిన చోట కలిపారు.

ఐదో పాఠం యశవంతపుర యార్డులో ఉల్లి మీద. అప్పటికి మీ పట్టికలో కనీసం పది రోజులు నిండి ఉండాలి.