రెండు సంసారాల గొడవ ప్రాణాల మీదికి రాకముందే: సమస్య - పరిష్కారం

తిరుపతి, చిత్తూరు జిల్లాల పల్లెల్లో ఎవరికైనా రెండో సంసారం ఉంటే అది ఊరందరికీ తెలిసే ఉంటుంది. పెద్దామె, చిన్నామె అంటూ అందరూ దానికి అలవాటు పడిపోతారు. ఆ అలవాటు వల్లనే ప్రమాద సూచనలు ఎవరి కంటా పడవు.

సమస్య: డబ్బు చేతికొచ్చిన ప్రతిసారీ రగడ
తోతాపురి మామిడికాయను గుజ్జు ఫ్యాక్టరీకి తోలిన పైకం ఖాతాలో పడిన నాడే ఏ ఇంటికి ఎంత పోయిందన్న ఆరా మొదలవుతుంది. చిన్నామె కొడుక్కి కట్టిన కాలేజీ ఫీజు రసీదు, చొక్కా ఉతకబోతుంటే జేబులో నాలుగు మడతలుగా పెద్దామెకు దొరికితే, ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ అన్నం తినరు.

కారణం: చూసేవారికి ఇది సవతి పోరు. నా దృష్టిలో మాత్రం, ఎవరి బిడ్డలకు ఏమి దక్కుతుందో తేల్చకుండా ఇద్దరికీ వేర్వేరుగా మాటిచ్చి నెట్టుకొచ్చే భర్తే దీనికి మూలం. ఎదిగిన కొడుకులు కూడా ఆ పగలోకి దిగితే కొడవలి లేవడానికి ఎంతోసేపు పట్టదు.

పరిష్కారం: 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం, మొదటి భార్య ఉండగా విడాకులు లేకుండా చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు, భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద దానికి 7 ఏళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. అయినా ఆ పెళ్లి వల్ల పుట్టిన బిడ్డలకు తల్లిదండ్రుల ఆస్తిలో హక్కు ఉంటుందని, ఉమ్మడి ఆస్తిలో తండ్రికి వచ్చే వాటాలోనూ వారికి భాగం ఉంటుందని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది. ఈ సంగతి ఇద్దరు తల్లులకూ ముందే తెలిస్తే, తన బిడ్డ నోట్లో మట్టి కొడతారన్న భయం కొంతైనా తగ్గుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ మహిళలకు ఉచితంగా న్యాయసహాయం అందిస్తుంది; అందుకు 15100కు ఫోన్ చేయవచ్చు.

సమస్య: గొంతు పట్టుకోవడం, చంపుతానని బెదిరించడం, పురుగుమందు డబ్బా తెచ్చి ఎదురుగా పెట్టడం
వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది మామూలు గొడవ కాదు. గొంతు నులిమిన గుర్తు పైకి కనిపించకపోయినా, గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఎందుకంటే లోపలి గాయం గంటల తర్వాత కూడా ప్రాణం తీయవచ్చు.

కారణం: తన మాట చెల్లడం లేదన్న భర్త ఉక్రోషం. అందుకే భార్య పుట్టింటికి పోతానన్న రోజు, కేసు పెడతానన్న రోజు అన్నిటికంటే ప్రమాదకరమైనవి.

పరిష్కారం: వెళ్లిపోతున్నానని ముందుగా చెప్పకూడదు. ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు నమ్మకమైన వారి ఇంట దాచాలి. ప్రాణాపాయమైతే 112కు, సలహాకు, ఆశ్రయానికి 181కు ఫోన్ చేయాలి. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వును, ఉంటున్న ఇంటి నుంచి గెంటివేయకుండా నివాస ఉత్తర్వును మేజిస్ట్రేటు ఇవ్వగలరు. ముస్లిం కుటుంబాల్లో చెల్లుబాటయ్యే రెండో పెళ్లిలోనూ ఈ చట్టం ఇద్దరు భార్యలకూ వర్తిస్తుంది. హిందూ కుటుంబంలో రెండో ఆమె, అతనికి ముందే పెళ్లయిన సంగతి తెలిసి వచ్చిందా, తెలియక మోసపోయిందా అన్నదాన్ని బట్టి దారి మారుతుంది కనుక, ఆమె న్యాయవాదిని సంప్రదించాకే అడుగు వేయాలి.

సమస్య: పంచాయితీ ముగిసిన రాత్రే దాడి
కారణం: పదిమందిలో తల దించుకున్నవాణ్ని, ఫిర్యాదు చేసినామెను పెద్దమనుషులు సర్దుకుపొమ్మని చెప్పి ఒకే ఇంటికి పంపడం.

పరిష్కారం: ఆ రాత్రి ఆమెను, పిల్లలను వేరే చోట ఉంచాలి. మర్నాడు సామాన్ల కోసమైనా ఆమెను ఒంటరిగా పంపకూడదు. పోలీసులను వెంటబెట్టుకునే వెళ్లాలి.