మేడ మీద కుండీల్లో కూరలూ పూలూ: విజయవాడ ఎండలో నేను పాటించే పద్ధతి

కుండీల్లో మొక్కలు పెంచాలని ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది ఒకటే. నర్సరీకి వెళ్లేముందు ఒక ఆదివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మీ డాబా మీద ఎండ ఎక్కడెక్కడ పడుతుందో చూసుకోండి. వంగ, టమాటా, మిర్చి, బెండకు రోజుకు ఆరు గంటలైనా నేరుగా ఎండ తగలాలి. పక్క అపార్టుమెంటు నీడ వల్ల మూడు నాలుగు గంటలే వస్తుంటే పుదీనా, బచ్చలి, పాలకూర పెట్టుకోండి, హాయిగా కోసుకోవచ్చు. అక్కడ టమాటా పెడితే మొక్క సాగుతుంది గానీ కాయదు.

మాది అద్దె ఇల్లు. ఓనరు గారికి స్లాబు చెమ్మెక్కుతుందని భయం, అది న్యాయమైన భయమే. తడిమట్టితో నిండిన ఇరవై లీటర్ల పెయింటు బకెట్టు పాతిక కిలోలు దాటుతుంది. అందుకే పెద్ద కుండీలన్నీ పిట్టగోడ వెంబడి, కింద గోడలూ బీములూ ఉన్నచోటే పెడతాను. ప్రతి కుండీ కిందా ఇటుకలు పెడితే నీళ్లు నిలవవు, కింద ఊడ్చుకోవచ్చు. బకెట్టుకు అడుగున నాలుగైదు, పక్కన అంగుళం ఎత్తులో రెండు మూడు బెజ్జాలు పెట్టి, వాటి మీద పెంకు ముక్కలు వేయాలి.

ఆకుకూరలకు ఎనిమిది అంగుళాల లోతు చాలు. వంగ, బెండ, మిర్చి, టమాటాలకు పన్నెండు అంగుళాలు ఉండాలి. బీర, సొర, కాకర లాంటి పాదులకు కనీసం ఇరవై లీటర్ల బకెట్టు.

మట్టి దగ్గర తొందరపడొద్దు. తోట సగం అక్కడే తేలిపోతుంది. నేను కలిపేది రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు కొబ్బరిపొట్టు, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, కుండీకి గుప్పెడు వేపపిండి. కొబ్బరిపొట్టు దిమ్మెలో ఉప్పు ఉంటుంది కాబట్టి నానబెట్టి రెండుసార్లు నీళ్లు మార్చి పిండాలి. చాలామంది వదిలేసే పని ఇదే. మగ్గని పేడ వేస్తే వేడికి వేళ్లు మాడతాయి. కలిపిన మట్టిని తడిపి పిడికిట్లో నొక్కి చూడండి. ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. పైన రెండంగుళాలు ఖాళీ ఉంచితేనే నీళ్లు పొర్లిపోవు.

ఇక కాలం. మా వైపు రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, అప్పుడు విత్తనం జోలికి పోవద్దు. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాక బెండ, గోంగూర, బీర, సొర, కాకర వేయండి. బెండ గింజలు రాత్రంతా నానబెట్టి నేరుగా కుండీలోనే నాటాలి, పీకి నాటితే కోలుకోవడం కష్టం. వంగ, టమాటా, మిర్చి నారు ఆగస్టు, సెప్టెంబరుల్లో పోసి, నెలయ్యాక కుండీల్లోకి మార్చుకోవచ్చు. కొత్తిమీర, మెంతికూర దీపావళి దాటాకే బాగుంటాయి. ధనియాలను చేత్తో నలిపి రెండు బద్దలు చేసి చల్లాలి. వేసవిలో వేస్తే ఆకు పెరగకముందే పూత కొచ్చేస్తుంది.

పాదులు పెట్టినవాళ్లందరి ప్రశ్న ఒకటే: పిందె పడుతోంది, పసుపెక్కి రాలిపోతోంది, ఎందుకు? ఎరువు చాల్లేదని ఇంకా ఇంకా వేస్తారు. చాలాసార్లు అసలు కారణం పుప్పొడి అందకపోవడం. సొర, బీరల్లో మగపూలు వేరు, ఆడపూలు వేరు. ఆడపువ్వుకు కింద చిన్న పిందె కనిపిస్తుంది, మగపువ్వుకు ఉత్త కాడే. మేడ మీదకు తేనెటీగలు రాకపోతే ఆ పని మనమే చేయాలి. మగపువ్వు కోసి, రేకులు తీసేసి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. వేళ ముఖ్యం. సొర, బీర సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర, గుమ్మడి తెల్లవారి విచ్చుకుంటాయి. ఆ వేళ దాటితే లాభం లేదు.

కూరల మధ్యలో పూలు పెట్టమని నేను పట్టుబట్టేది కూడా ఇందుకే. బంతి, తులసి పక్కన ఉంటే తేనెటీగలు వెతుక్కుంటూ వస్తాయి. బంతి విత్తిన రెండు నెలలు దాటాక పూస్తుంది కాబట్టి దసరాకు కావాలంటే జులై చివర్లో, సంక్రాంతికి కావాలంటే అక్టోబరులో వేసుకోండి.

చామంతి సంగతి వేరు. రాత్రులు పొడుగయ్యేకొద్దీ అది మొగ్గ తొడుగుతుంది. వీధిలైటు వెలుగు పడేచోట పెడితే గుబురుగా ఆకులేసుకుని ఉంటుంది, పూత మాత్రం వెనకబడిపోతుంది. సెప్టెంబరు నుంచి ఆ కుండీలను రాత్రిపూట చీకటిగా ఉండే మూలకు జరపండి. అంతకుముందు, జులై ఆగస్టుల్లో, కొసలు గిల్లుతూ ఉంటే కొమ్మలు ఎక్కువ వస్తాయి.

మల్లెకు డిసెంబరులో నీళ్లు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించాలి. పది పదిహేను రోజులయ్యాక ఎరువేసి నీళ్లు పెట్టండి. కొత్త చిగుళ్లకే మొగ్గలు వస్తాయి, కత్తిరించకపోతే పూలు తక్కువ.

మార్చి మధ్య నుంచి 50 శాతం నీడనిచ్చే ఆకుపచ్చ నెట్ కట్టేయండి, కానీ మల్లె కుండీలు మాత్రం ఎండలోనే ఉండనివ్వండి. కుండీలన్నీ దగ్గరగా జరిపి, మట్టి మీద ఎండుటాకులో కొబ్బరి పీచో పరిస్తే తడి నిలుస్తుంది. ఎండాకాలం పొద్దున ఎనిమిదిలోపు ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు. మిగతా కాలాల్లో వేలు పెట్టి చూసి, అంగుళం లోతున పొడిగా ఉంటేనే పోయండి. ట్యాంకు పైపులోంచి మధ్యాహ్నం వచ్చే నీళ్లు కాగి ఉంటాయి, అవి పోయకండి. మే నెలలో టమాటా పూత రాలితే టెన్షన్ పడొద్దు, ఆ వేడికి పిందె కట్టదు. అప్పుడు తోటకూర, గోంగూర, బచ్చలి మీద ఆధారపడదాం.

పేనుబంక, పిండినల్లి (మొక్క రసం పీల్చే చిన్న పురుగులు) కనిపిస్తే ముందు నీళ్లు గట్టిగా కొట్టండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లండి. వంగ కొస వాలిపోతే లోపల పురుగు తొలుస్తోందని అర్థం, వాలిన చోటికి కింద నుంచి కత్తిరించి పారేయండి.

బలానికి పదిహేను రోజులకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు చాలు. ఆవు పేడ, మూత్రం దొరికేవాళ్లు జీవామృతం చేసుకోవచ్చు. ఇరవై లీటర్ల నీటిలో కిలో పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు మట్టి వేసి నీడలో ఉంచి, రెండుపూటలా కలపాలి. రెండు రోజుల తర్వాత పది రెట్లు నీళ్లు కలిపి పోయండి.

పంట అయిపోయిన కుండీ మట్టిని గుమ్మరించి, రెండు మూడు రోజులు ఎండబెట్టి, వేళ్లు ఏరేసి, కొత్త ఎరువు కలిపి వాడుకోవాలి. వంగ తీసిన కుండీలో టమాటా గానీ మిర్చి గానీ వేయొద్దు. మూడూ ఒకే కుటుంబం, తెగుళ్లూ చాలావరకు ఒకటే. ఆ మట్టిలో గోరుచిక్కుడో మెంతికూరో వేసుకోండి.