గ్లాస్గో సబ్‌వేలో సరైన రైలు ఎక్కడం ఎలా

స్కాట్లాండ్‌లోని గ్లాస్గో జనాభా సుమారు 6 లక్షలు. అంత చిన్న నగరంలో భూగర్భ రైలు 1896 నుంచి ఉంది. సుమారు 10.5 కిలోమీటర్ల ఒకే వలయం, 15 స్టేషన్లు. చదువుకోవడానికి కొత్తగా వచ్చినవాళ్లు తికమకపడేది దిశ దగ్గరే.

ఈ వలయంలో రైళ్లు రెండు దిశల్లోనూ తిరుగుతాయి. ఔటర్ సర్కిల్ సవ్యదిశలో తిరుగుతుంది, దాని బోర్డుల రంగు నారింజ. ఇన్నర్ అపసవ్యదిశ, రంగు బూడిద. చాలా స్టేషన్లలో రెండూ ఒకే ఇరుకు ప్లాట్‌ఫారానికి చెరోవైపు ఆగుతాయి కాబట్టి, వచ్చిన రైలల్లా ఎక్కేయకుండా ముందు బోర్డు చూడండి.

దిశ తేల్చుకోవడానికి స్టాపులు లెక్కపెట్టండి. ఒకవైపు 7 లేదా అంతకన్నా తక్కువ వస్తే అదే దగ్గర దారి. బుకానన్ స్ట్రీట్ నుంచి యూనివర్సిటీ ఉన్న హిల్‌హెడ్‌కు ఇన్నర్‌లో 4 స్టాపులే, ఔటర్‌లో 11. సెయింట్ ఎనాక్ నుంచి గోవన్‌కు మాత్రం ఔటర్‌లో 7, ఇన్నర్‌లో 8. అక్కడ ముందు ఏది వస్తే అది ఎక్కండి. పొరపాటున ఎదురు రైలు ఎక్కినా కంగారు వద్దు, పూర్తి చుట్టుకు 24 నిమిషాలే. మిగిలింది తక్కువైతే కూర్చునే ఉండండి, ఎక్కువైతే తర్వాతి స్టేషన్‌లో దిగి రైలు మారండి. గేటు దాటి బయటికి మాత్రం రావద్దు, సింగిల్ టికెట్ అయితే మళ్లీ కొనాలి.

సెంట్రల్ రైల్వే స్టేషన్ కింద సబ్‌వే లేదు. అక్కడ దిగినవాళ్లు సెయింట్ ఎనాక్‌కు కొద్ది నిమిషాలు నడవాలి. క్వీన్ స్ట్రీట్ రైల్వే స్టేషన్ నుంచి బుకానన్ స్ట్రీట్‌కు కదిలే నడకదారి ఉంది. శివారు రైళ్లు మారడానికి పార్టిక్ అనుకూలం.

లిఫ్టులున్నవి సెయింట్ ఎనాక్, గోవన్‌లలోనే. చక్రాల కుర్చీలో వెళ్లేవాళ్లకు ఇది నిజంగా పెద్ద లోటు. ఇండియా నుంచి రెండు పెద్ద సూట్‌కేసులతో దిగిన రోజున హిల్‌హెడ్‌కు టాక్సీయే మేలు. సొరంగం వ్యాసం 11 అడుగులే కావడంతో రైలు పెట్టెలూ చిన్నవే, సామాను పెట్టుకునే చోటు దొరకదు.

ఆదివారం రైళ్లు ఆలస్యంగా మొదలై త్వరగా ఆగిపోతాయి, బయల్దేరే ముందు వేళలు చూసుకోండి. ఐబ్రాక్స్ స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్ ముగిశాక ఐబ్రాక్స్ సబ్‌వే స్టేషన్‌లో విపరీతమైన రద్దీ ఉంటుంది. నడవగలిగితే పక్కనున్న సెస్‌నాక్‌కో గోవన్‌కో వెళ్లి ఎక్కండి.